పేటలో దీపము పెట్టినదెవరు?

కనగానపల్లి మండలమున వానలు తప్పిన యేడు వేరుసెనగ పంటతోబాటు మనుష్యులును పొలమును విడుచుచున్నారు. కొందరు ధర్మవరపు మగ్గముల చెంతకు, కొందరు హిందూపురమునకు, తక్కినవారు బెంగుళూరి కట్టడపు పనులకు తరలిపోవుచున్నారు. సాలీనా 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గొప్పయైన యీ సీమకు వలస క్రొత్త గాదు. మేము అడుగు ప్రశ్న వేరు. ఆ వలసవచ్చినవారు పట్టణపు టంచులయందు కొట్టములు వేసికొనినపుడు వారిని మొట్టమొదట పలుకరించువారెవరు? పురపాలక సంఘమా? పన్ను వేయవలసిన దినమునగాని దానికి వారి గుమ్మము కానరాదు. కులపెద్దలా? వారికి ఎన్నికల ముందటి పక్షము దినములే పుణ్యకాలము. పఠనమందిరమున పత్రిక మడిచి దేశమును ఉద్ధరించు మనమా? ఆ వీధికి దారి యెటో మనలో అనేకుల కెరుకలేదు. తఱచుగా, రేకులకప్పు క్రింద ఆదివారము ప్రార్థన జరిపించు పాస్టరుగారే అచటివారిని పేరుపెట్టి పిలుచు మొదటి మనుష్యుడు.

ఈ మాట యనగానే మా మిత్రులలో ఒక తెగవారు బొమలు ముడుతురు. విదేశధనమనియు, మతము మార్పించు ఉపాయమనియు గర్జింతురు. రెండవ తెగవారు, సేవచేసినవారిని ప్రశ్నించుటయే పాపమని చెవులు మూసికొందురు. ఈ రెండు వాదములును సోమరితనమునకు పుట్టిన కవలలని మా నిశ్చితాభిప్రాయము. మొదటివానికి ఆ పేటకు పోవలసిన పనిలేదు. రెండవవానికి ఆలోచింపవలసిన పనిలేదు.

చరిత్రను చూతము. 1876 మొదలు 1878 వఱకు ఈ దేశమును కబళించిన కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలకొలది బీదలకు కూలి కల్పించెను. వారిలో మాదిగలు పెక్కుమంది. అన్నము కొఱకు మతమను నింద రాకుండుటకై కరవుపని సాగినన్నినాళ్లు ఆయన బాప్తిస్మము ఈయక నిలిపెను. అటుపిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. కూటికొఱకే వచ్చినవారైనచో కూలి ముగిసిన తరువాత వచ్చుటకు కారణమేమి? ఆశ యేమాత్రమును లేదని మేమనము. ఆపదలో అండయైనవానిని ఆశ్రయించుట మానవస్వభావము. కాని ఆ అండ మన అగ్రహారములలో ఏల దొరకలేదను ప్రశ్నకు ఇన్నేండ్లు గడచినను మనవద్ద ఉత్తరము లేదు.

ఇది నాణెమునకు ఒక వైపు. రెండవ వైపును దాచుట న్యాయవాదికి తగదు. లండను నగరపు బీదపేటలలో 1865లో దిక్కులేనివారిని చేరదీయుటకై పుట్టిన సంస్థయే సాల్వేషన్ ఆర్మీ. ఆ సంస్థయే మన బాపట్ల చెంత స్టువార్టుపురమున, ఎఱుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచిన తెల్లదొరల చట్టము క్రింద ఏర్పడిన సెటిల్మెంటునకు అధికారి యయ్యెను. కావలిలో ఆ పనిని అమెరికను బాప్టిస్టులు చేసిరి. బడులు పెట్టలేదా? పెట్టిరి. పని చూపలేదా? చూపిరి. కాని హాజరుపట్టీయు వారి చేతనే యుండెను. సేవ ప్రభుత్వపు బెత్తముతో చేయి కలిపిన నాడు అది సేవ గాదు, కాపలా. కావున చర్చి యనగానే దీపమనియు, చర్చి యనగానే వల యనియు పలుకుట రెండును అసత్యములే. ఏ చర్చి, ఏ కాలమున, ఎవరి పక్షమున నిలిచినదని విడివిడిగా విచారింపవలెను.

ఇక మన జిల్లా గడపకు వత్తము. స్పెయినుదేశపు జెసూట్ విన్సెంట్ ఫెర్రర్ 1952లో ఇండియాకు వచ్చి మన్మాడు ప్రాంతపు రైతుల నడుమ పనిచేసెను. దేశము విడిచిపొమ్మని 1968లో ఆజ్ఞ యైనపుడు ఆ రైతులే ఆయన కొఱకు వీధుల కెక్కిరి. 1969లో ఆయన అనంతపురము చేరెను. మఱుసటి యేట జెసూట్ సభను విడిచెను. 2009 జూన్ 19న ఈ మట్టిలోనే కన్నుమూసెను. ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లిలోనే ఆయన సమాధి. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చర్చి గాదు. అచట మంచము పొందుటకు మతము చెప్పనక్కరలేదు. బత్తలపల్లి, కల్యాణదుర్గము, కణేకల్లు ఆసుపత్రులును, దళితవాడలలో లేచిన యిండ్లును, బడులును కంటికి కనబడు సాక్ష్యములు. సభను విడిచిన కారణములెట్టివైనను, దీక్ష చర్చి నేర్పినదే; వాకిలి మాత్రము అందఱి కొఱకు తెఱచినది. ఈ పాఠమును సంఘములవారు చదివికొందురుగాక.

విదేశధనమున కిపుడు లెక్కలు అడుగుచున్నారు. 1976లో చట్టము పుట్టినది, 2010లో మాఱినది, 2020లో మఱింత బిగిసినది. లెక్క అడుగుట తప్పుగాదు. పరుల సొమ్ము వాడువారు లెక్క చెప్పవలసినదే. గుడికైనను మసీదుకైనను చర్చికైనను కొలత ఒక్కటియై యుండవలెను. అయితే అనుమతి కాగితము బల్లమీద నిలిచిన దినములలో రోగి మంచముమీద నిలువడు. లెక్క అడుగువారు ఆ మంచము ప్రక్కన మఱియొక మంచము వేసి అడుగుదురుగాక! స్పెయిను గృహస్థుడు తన సంసారపు ఖర్చులో మిగిల్చి పంపిన సొమ్ముతో మన బిడ్డలు చదువుట మనకు అవమానమందురా? అవమానమే. ఆ అవమానము సొమ్ము పంపినవానిది గాదు, పంపకున్న మనది.

సంఘములతోను మాకొక వ్యాజ్యము కలదు. క్రీస్తు నందు మాల లేడు, మాదిగ లేడు అని వేదికమీద చెప్పుచు, వీధిలో ఇది మాలల చర్చి, అది మాదిగల చర్చి యని నడపుట ఏ సువార్త? దళితులపట్ల వివక్ష తమ సంఘమున నిలిచియున్నదని కథోలిక బిషప్పులే 2016లో తమ విధానపత్రమున ఒప్పుకొనిరి. పూర్వము కర్నూలు పీఠమున నుండిన పూల ఆంథోనీగారు దళితులలోనుండి తొలి కార్డినల్ అగుటకు 2022వ సంవత్సరము రావలసివచ్చెను. మిషను స్థలములపై సాగు వ్యాజ్యములు మా వృత్తివారికి నిత్యకృత్యములు. తన యింటి గోడ నెఱ్ఱెలు పూడ్చనివాడు పేటను పునర్నిర్మించునా?

ప్రభుత్వము సంగతి అంతకంటె వింత. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులపు హోదాను మొదట హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవుడు నేటికిని వెలుపలనే యున్నాడు. మన రాష్ట్రమున అతనిని వెనుకబడిన తరగతులలో సి వర్గమునకు చేర్చి నూటికి ఒక పాలు చూపిరి. చర్చికి పోయినవానిని పొరుగువాడు అంటరానివాడుగనే చూచును. చట్టము మాత్రము నీ అంటరానితనము తీరినదనును! మతముతో ముడి విప్పుడని రంగనాథ మిశ్రా కమిషను 2007లో చెప్పెను. ఆ మాట బీరువాలో నిదురించుచున్నది. 2022లో బాలకృష్ణన్ కమిషను వేసిరి. ఈలోపున పేటలోని బీదవాడు ఆదివారము ఒక పేరుతోను, సోమవారము కచేరీలో మఱియొక పేరుతోను బ్రదుకుచున్నాడు. పౌరుని అబద్ధమాడుమని నిర్బంధించు చట్టము సత్యమేవ జయతే యను ముద్రక్రింద నిలుచుట సిగ్గుచేటు.

మా స్వంత తప్పునుగూడ చెప్పి ముగింతుము. ఉద్యమ సేవకులమై మేమొకప్పుడు వలసకుటుంబముల పేటలో రాత్రిబడి తెఱచితిమి. ప్రారంభోత్సవమునకు పూలదండలు, ఉపన్యాసములు సమృద్ధిగా నుండెను. మూడవ నెలకు మాలో ఒక్కడును పోవుటలేదు. ఆ పలకలను బిడ్డలు ప్రక్కనున్న ప్రార్థనామందిరమునకు తీసికొనిపోయిరి. అచట దీపము ప్రతిరాత్రియు వెలుగుచుండెను. ఆ బిడ్డలను వారు లాగుకొనిరని మాలో ఒకరు కోపించిరి. లాగుకొనలేదు, మేము విడిచినవారిని వారు పట్టుకొనిరి.

కావున సంఘములవారికి మా కోరిక మూడు మాటలు: అన్నము పెట్టునపుడు మతమడుగకుడు, మీ బల్లచుట్టు కులమును కూర్చుండనీయకుడు, పేట పెత్తనమును పేటవారికే, అందును స్త్రీలకు, అప్పగింపుడు. పాఠకమహాశయులకు ఒక్కటే మాట: చర్చి చేసిన సేవపై మీకు అసూయ కలదా? మంచిది. ఆ అసూయను నోటినుండి చేతులకు దింపుడు. వారి దీపము నార్పవలదు. ప్రక్కవీధి ఇంకను చీకటిగనే యున్నది. మీ దీపమచట వెలిగింపుడు.