బూటుకున్న మర్యాద చేతికేది?

మొన్న మా బడి స్టాఫ్ రూములో ఒక సారు బూటు విప్పి నా ముందర పెట్టిండు. బిడ్డ పెండ్లికి కొన్న తోలు బూట్లు. ఎనిమిది వేల రేటు. ఏడాది తిరగకముందే వేళ్ల కాడ మడత పడే చోట సన్నగా పగిలినయి. "సారూ, దీనికేం రాయాలె? మీకైతే తెలుస్తది గదా..." అన్నడు. మిగతా మాట మింగిండు. ఆ మింగిన మాటేందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పక్కన చాయ్ తాగుతున్న నలుగురికీ తెలుసు.

నేను సాంఘిక శాస్త్రం చెప్పే పంతుల్ని. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. అది ఆయనకు ఎన్నడూ గుర్తుకు రాలేదు. బూటు పగిలేసరికి నా కులం గుర్తుకొచ్చింది.

కోపమొచ్చింది. అయినా జవాబు చెప్పిన. ఎందుకంటే నాకు నిజంగానే తెలుసు. అది సిగ్గుపడాల్సిన తెలివి కాదు. మన పిల్లలు కూడా చదవాలని ఇక్కడ రాస్తున్న.

తోలు అంటే సన్నని పోగుల అల్లిక. పచ్చి చర్మం మురిగిపోతది, ఎండబెడితే చెక్కలెక్క బిగుసుకపోతది. చెట్టు చెక్కలోని వగరు ఆ పోగులను పట్టుకుంటే అది తోలైతది. పోగుల నడుమ నూనె ఉన్నన్ని రోజులే మెత్తగ వంగుతది. నూనె ఆరితే పోగుకు పోగు ఒరుసుకొని తెగుతది. అదే పగులు. మా సారు చేసిందేమంటే, తోలు ఎండిన కొద్దీ పాలిష్ మీద పాలిష్ కొట్టిండు. పాలిష్ అంటే మైనం, రంగు. పైన మెరుస్తది గని లోపలి ఆకలి తీర్చదు. ముందు దుమ్ము దులపాలె. తడిగుడ్డతో తుడిచి నీడకు ఆరబెట్టాలె. బూటు తడిస్తే లోపల పాత పేపరు కుక్కాలె. ఎండకు, పొయ్యి కాడ పెట్టొద్దు. ఆరినంక తోలుకు రాసే క్రీము కొంచమే రుద్దాలె. అది ఇంకినంక పలుచగా పాలిష్ రాసి బ్రష్షు కొట్టాలె. తెగిన పోగు మళ్ల అతకదు, తెగకముందే చూసుకోవాలె.

ఈ శాస్త్రం ఎవరిది? మోట బొక్కెన తోలుకు ఆముదం పట్టించి మెత్తజేసిన మా తాతలది. తంగేడు చెక్క దంచి, తోలును సంచిలెక్క కుట్టి, చెట్టుకు వేలాడగట్టి, చెక్క నీళ్లు పోసి రోజుల తరబడి కనిపెట్టుకొని ఉన్నోళ్లది. బతుకమ్మకు తంగేడు పువ్వు పేరుస్తం. 2014లో తెలంగాణ సర్కారు దాన్నే రాష్ట్ర పుష్పం చేసింది. మంచిదే. పువ్వుకు మర్యాద దొరికింది. అదే చెట్టు చెక్క గుణం తెలిసిన చెయ్యికి ఏం దొరికింది? ఊరి చివర వాడ దొరికింది. లంద వాసన అని ముక్కు మూసుకున్నరు, లందలోంచి వచ్చిన చెప్పు మాత్రం తొడుక్కున్నరు.

నిజాం రాజ్యంలో దొరలకు చెప్పులు, మోట బొక్కెనలు వెట్టికి కుట్టిచ్చింది మనోళ్లే. కుట్టినోడు మాత్రం గడీ ముందర చెప్పులు చేతబట్టుకొని నడవాలె. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ఊర్లల్ల కూలీలు, రైతులు దొరల మీద లేస్తే, సర్కారు ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ కోపంలో భూమి ఉంది, వెట్టి ఉంది, చెప్పు విడిపించిన అవమానమూ ఉంది.

బాటా పేరు వినని ఊరుందా? ఇప్పటి చెక్ దేశంలోని జ్లిన్‌లో తరతరాలుగా చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టిన తోమాస్ బాటా, 1894లో తోబుట్టువులతో కలిసి ఆ కంపెనీ పెట్టిండు. 1931లో అది మన దేశానికొచ్చింది. అక్కడ చెప్పులు కుట్టేటోడి కొడుకు లోకమంతా తెలిసిన యజమాని అయిండు. ఇక్కడ చెప్పులు కుట్టేటోడి కొడుకు పంతులైనా బూటు పగిలినప్పుడే యాదికొస్తడు. తేడా తోలులో లేదు, కులంలో ఉంది.

ఇప్పుడు కొందరు పెద్దమనుషులు కొత్త రాగం ఎత్తుకున్నరు: "మీది గొప్ప కళ, వదులుకోవద్దు." అయ్యా, అంత గొప్పదైతే మీ పిల్లలను పంపుండ్రి, ఆరె, రంపె పట్టుడు మేం నేర్పుతం. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కట్టి కొట్టిన్రు. తీయకపోతే తప్పు, తీస్తే తప్పు. అప్పుడు అక్కడి దళితులు కళేబరాలను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు కాడ పడేసిన్రు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరిలో అమలైన సవరణ ప్రకారం, మనతోని బలవంతంగా కళేబరం ఎత్తించుడు నేరం. ఏ ఊరి పెద్దయినా మరిచిపోతే సంఘం గుర్తుచేయాలె.

ఇగ నా తప్పు కూడా చెప్తా. బి.ఇడి. చదివే రోజుల్లో దోస్తులతోని బస్టాండుకు పోయిన. మా బాపు అక్కడ గొనెసంచి మీద కూసొని ఎవరిదో బూటు తుడుస్తున్నడు. నేను బాపూ అని పిలువలేదు. ఆయన కూడా తల ఎత్తలేదు. నా పరువు కాపాడిండు. ఆ రోజు నా కాళ్లకున్న బూట్లు తెల్లారగట్ల ఆయన పాలిష్ చేసినయే. చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు ఆ తప్పు చెయ్యకుండ్రి. ఆ పని చెయ్యాలని మనల్ని ఎవడూ బలవంతం చెయ్యొద్దు. చేసినోళ్లను చూసి మనం సిగ్గుపడొద్దు.

సంఘాలు అడగాల్సినవి ఉన్నయి. తోలు పని చేసేటోళ్ల కోసమని 1973లో లిడ్‌క్యాప్ పెట్టిన్రు. మన జిల్లాలకు దానితోని ఒరిగిందేందో లెక్క చెప్పాలె. బస్టాండ్ల కాడ ఎండకు, వానకు కూసునేటోళ్లకు నీడ కావాలె, లంచం లేని అప్పు కావాలె. బడి సైన్సు పాఠంలో తంగేడు చెక్క, తోలు శుద్ధి ఉండాలె. అన్ని కులాల పిల్లలూ చదవాలె.

ఆ సారుకు చివరికి ఒకటే చెప్పిన. "సారూ, ఇంట్ల మీ బూటు మీరే తుడుచుకోండి. బస్టాండుకు పోతే, అక్కడ కూసున్నాయన నీకన్న పెద్దోడు, ఏయ్ అనకు, అన్నా అని పిలువు. ఆయన ముందర కాలు చాపకు. బూటు విప్పి చేతికియ్యి. రేటు అడుగు, అడిగినంత ఇచ్చిరా."