ఖాళీ చేయించి ఇస్తారట!

ఇళ్ళు అమ్మేవాళ్ళు, అమ్మించేవాళ్ళు చాలా మామూలుగా వాడే మాట ఒకటుంది. 'ఖాళీ చేయించి ఇస్తాం.' సాహిత్యం చదువుకున్న అలవాటు కొద్దీ ఈ వాక్యాన్ని కాస్త విప్పి చూశాను. ఖాళీ చేయించేవాళ్ళున్నారు, ఇల్లుంది, పుచ్చుకునేవాళ్ళున్నారు. ఖాళీ చెయ్యాల్సిన మనుషులు మాత్రం వాక్యంలో ఎక్కడా లేరు. ఇంట్లోంచి వెళ్ళకముందే భాషలోంచి వాళ్ళని వెళ్ళగొట్టేశాం.

మా అమ్మ కోసం చోడవరంలో చిన్న ఇల్లు కొందామని గత ఏడాది వెతుకుతున్నప్పుడు ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లా. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండేది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, చుట్టూ చెరుకు తోటలు, బెల్లం వంటలు, కాస్త దూరంలో గోవాడ చక్కెర కర్మాగారం... ఇవన్నీ అందరికీ తెలిసిన చోడవరం. పాత పెంకుటిళ్ళ పక్కనా, డాబాల వెనకా ఒకటిన్నర గదుల పోర్షన్లలో కాపురాలుండే చోడవరం మరొకటుంది. నాకు చూపించిన ఇళ్ళలో మూడింట్లో ఇలాంటి కాపురాలున్నాయి.

"మనుషులున్న ఇల్లు కాబట్టి రెండు లక్షలు తక్కువకొస్తంది మేడమ్. ఆళ్ళని పంపించీసే పూచీ మాది. ఎల్లిపోయేక ఆ రెండూ మీకు మిగిలినట్టే" అన్నాడు మధ్యవర్తి. నాకేదో మేలు చేస్తున్నట్టే చెప్పాడు. అక్కడే నాకు విషయం అర్థమైంది. మనుషులున్నందుకు ధర తగ్గుతుంది. మనుషులు పోతే ధర పెరుగుతుంది. ఆ తేడా కొన్నవాళ్ళ జేబులోకి పోతుంది. ఇల్లు కోల్పోయినవాళ్ళకి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. పైగా 'మొండివాళ్ళు, కదలరు' అని పేరు!

ఆ మూడిళ్ళలో ఒకదాంట్లో వెనక పోర్షన్‌లో ఉన్నామె పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. భర్త పనికని హైదరాబాద్ వెళ్ళి ఆరేళ్ళైంది, రావడం మానేశాడు. ఆ ఆరేళ్ళూ అద్దె కట్టింది ఆమే. అయినా ఇంటివాళ్ళు ఇప్పటికీ 'అద్దెకున్నాయన' అనే అంటారు. ఇంటివాళ్ళబ్బాయితో పాటు నేను ఇల్లు చూడ్డానికి వెళ్తే ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. గది చూడాలన్నాడతను. "చూసుకోండి, నాలుగు గోడలే కదా" అంది. తర్వాత నేనొక్కదాన్నే వెళ్ళి మాట్లాడాను. తనకి ఖాతాలున్నవాళ్ళంతా ఆ వీధివాళ్ళేననీ, నాలుగు వీధులవతలకి వెళ్తే పొద్దున్నే గిన్నె పట్టుకుని అంత దూరం ఎవరొస్తారనీ అడిగింది. ఆమె పోగొట్టుకునేది ఒక గదే అనుకోవడానికి లేదు. ఆమె జీవనోపాధే ఆ గుమ్మం ముందుంది.

'కదలరు' అనే మాటని ఇక్కడినుంచి చూడాలి. వేరే ఇల్లు దొరకడం అంత సులువైతే ఎవరైనా గొడవపడి ఎందుకుంటారు? మన ఊళ్ళలో అద్దెకిల్లు అడిగిన మనిషికి మొదటి ప్రశ్న 'ఏమిట్లు?' రెండోది 'ఆయనేం చేస్తారు?' కులం చెప్పగానే కొందరికి ఇల్లు 'నిన్ననే ఇచ్చేశాం' అయిపోతుంది. ముస్లిం పేరు విన్నా అంతే. ఆయన లేడని చెప్తే చూపులే మారిపోతాయి. రాత్రి ఎన్నింటికి వస్తారు, ఎవరెవరు వస్తారు, వంటలో ఏం వండుతారు... ఈ పరీక్షలన్నీ ఆమె మళ్ళీ రాయాలి. పదకొండేళ్ళ కింద ఒకసారి రాసి పాసైంది. ఇప్పుడు భర్త లేకుండా రాస్తే పాసవుతానన్న ధైర్యం లేదు. దాన్ని మొండితనం అంటున్నాం మనం!

ఇంక ఖాళీ చేయించే పద్ధతులు చూడండి. ముందు నీళ్ళ మోటారు పాడవుతుంది. తర్వాత కరెంటు. ఆ తర్వాత ఆమె నడవడి గురించి వీధిలో మాట పుడుతుంది. మగవాడు అద్దెకుంటే నోటీసులు, పంచాయితీలు నడుస్తాయి. ఆడదైతే చాడీ చాలు, ఖర్చులేని పని. నీళ్ళు మోసేది ఎవరు? చీకట్లో వండేది ఎవరు? ఇంటిపని ఆడవాళ్ళదన్న సమాజంలో ఇంటిమీద జరిగే దాడి కూడా నేరుగా ఆడవాళ్ళమీదే పడుతుంది. ముహూర్తాల సంగతి సరేసరి. కొన్నవాళ్ళకి శ్రావణంలో పాలు పొంగించుకోవాలని ఉంటుంది. అందుకని ఉన్నవాళ్ళు ఆషాఢంలో కదలాలి. ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న పట్టింపు అద్దెకున్నవాళ్ళకి ఉండకూడదు కాబోలు! పిల్లలకి బడులు తెరిచిన కొత్త కూడా అప్పుడే.

చట్టం ఏమంటుంది? 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం ప్రధానంగా మునిసిపాలిటీలకోసం చేసింది. పంచాయితీగానే పెరిగిన చోడవరంలాంటి ఊళ్ళకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని 109వ సెక్షన్ ప్రకారం అద్దెకిచ్చిన ఇల్లు కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ స్థానంలోకి వస్తారు. హక్కులే కాదు, బాధ్యతలూ వస్తాయి. యజమాని మారినంతమాత్రాన అద్దె ఒప్పందం చచ్చిపోదు. అలాగని ఆ చట్టం ఇచ్చే రక్షణ గొప్పదేం కాదు. నెలనెలా అద్దె కట్టే మామూలు కాపురానికి 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. పదకొండేళ్ళ బతుక్కి 15 రోజులు! కానీ ఆ గడువు దాటాక కూడా సామాన్లు బయట పారెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు, కోర్టుకే వెళ్ళాలి. బలవంతంగా వెళ్ళగొడితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టం కూడా నీళ్ళు, కరెంటు ఆపకూడదని చెప్పింది. మరి 'పంపించీసే పూచీ' అంటే ఏమిటి? కోర్టు చెయ్యాల్సిన పనిని మోటారు స్విచ్చితోనూ చాడీలతోనూ చేయిస్తామనేగా!

అద్దె కాగితం ఎవరి పేరు మీద ఉందన్నది ఇంకో ప్రశ్న. చాలా ఇళ్ళలో అసలు కాగితమే ఉండదు. ఉంటే అది మగవాడి పేరు మీద ఉంటుంది. బెంగుళూరులో ఒక ఇంటి విషయంలో బి.పి. అచలా ఆనంద్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. భర్త వదిలేసి వెళ్ళిపోతే, అతను అద్దెకి తీసుకున్న ఇంట్లో ఉంటున్న భార్య ఖాళీ దావాలో తన వాదన వినిపించుకోవచ్చని 2005లో కోర్టు ఒప్పుకుంది. అద్దె బాధ్యత ఆమె మొయ్యాలి, భర్తకున్న వాదనలే ఆమెకుంటాయి. కానీ విడాకులైన భార్యకి ఆ హక్కు లేదంది. అంటే ఇంట్లో ఆమె ఉనికి ఆమె కట్టిన అద్దె మీద నిలబడలేదు. అతనితో ఉన్న సంబంధం మీద నిలబడింది. అదే ఏడాది వచ్చిన గృహహింస నిరోధక చట్టం అద్దె ఇంట్లో కూడా భార్యకి నివాస హక్కుందని చెప్పింది. మంచిదే. అయితే ఆ హక్కు భర్త మీదా, అతని వాళ్ళ మీదా చెల్లుతుంది. ఇల్లు కొనుక్కున్న పరాయివాళ్ళ ముందు అది ఎంతవరకు నిలుస్తుంది?

ఇప్పుడు మన సంగతికొద్దాం. స్త్రీలకి ఆస్తిహక్కు కావాలని మనం దశాబ్దాలుగా రాస్తున్నాం. 1985లో ఆంధ్రప్రదేశ్, 2005లో దేశమంతా హిందూ ఆడపిల్లల్ని వారసత్వంలో సమానం చేసింది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. సంతోషించాం. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు తుడుచుకుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని చూసి, ఇది మనమే అనుకున్నాం. మరి పరాయివాళ్ళ ఇల్లు అలుకుతూ పదకొండేళ్ళు గడిపి, కాగితం మీద పేరే ఎక్కని ఆమె ఎవరు? నా పేరు మీద ఇల్లు రిజిస్టరు కావడం స్త్రీ సాధికారత అయితే, ఆ రిజిస్ట్రేషన్ కోసం వీధిన పడే స్త్రీని ఏ లెక్కలో రాయాలి? మనకో గది కావాలని కోరుకోవడం న్యాయమే. ఆ గదిలోంచి ఎవరు బయటికి వెళ్తున్నారో చూడకుండా తాళం పుచ్చుకోవడం న్యాయం కాదు.

'ఇంటి యజమానుల్లో మాత్రం ఆడవాళ్ళు లేరా? రెండు పోర్షన్ల అద్దెతో బతికే విధవరాలి సంగతేమిటి? అద్దె ఎగ్గొట్టి కూర్చునేవాళ్ళ మాటేమిటి?' అని అడుగుతారు. అడగాల్సిందే. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ డబ్బు గిరీశం తినేశాడు. ఆమె చీపురు పట్టుకుని వెంటపడితే మనం ఆమె పక్షానే ఉంటాం. అద్దె మీద బతికే ఆడమనిషికి అద్దె రావాలి, అవసరానికి ఇల్లు అమ్ముకునే స్వేచ్ఛా ఉండాలి. ఎగ్గొట్టేవాడి మీద దావా ఏళ్ళ తరబడి నడవకూడదు. కానీ నేను మాట్లాడుతున్నది సక్రమంగా అద్దె కడుతున్న మనిషి గురించి. పైగా ఇల్లు అమ్మే వృద్ధురాలికి కూడా ఈ పద్ధతిలో నష్టమే. 'మనుషులున్నారు' అని ఆమె దగ్గర రెండు లక్షలు కోసేది కొనేవాళ్ళే కదా! అటు అమ్మిన ఆడమనిషీ ఇటు వెళ్ళిన ఆడమనిషీ పోగొట్టుకున్నది మధ్యలో ఒకరికి లాభమవుతోంది.

అందుకే నా వాదన ఇది. ఆ తగ్గింపు కొన్నవాళ్ళది కాదు. ఉన్నవాళ్ళని కొనసాగనిస్తే, వాళ్ళున్న ఇల్లుగా కొన్నారు కాబట్టి తగ్గింపు ఉంచుకోండి. పంపిస్తే అది వెళ్ళేవాళ్ళకి చెందాలి. కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాను బండి ఖర్చు, ఆగిపోయిన వ్యాపారానికి కొన్ని నెలల ఆసరా దాంట్లోంచే రావాలి. బయానా ఇవ్వకముందే కొనేవాళ్ళు ఉన్నవాళ్ళతో స్వయంగా మాట్లాడాలి. ఆ ఇంటి మగవాడితో మాట్లాడి వచ్చేస్తే చాలదు, అందులో బతుకుతున్న ఆమెతో మాట్లాడాలి. అద్దె కాగితం ఆమె పేరు మీద కూడా రాయాలి. పిల్లల పరీక్షలయ్యేదాకా గడువుండాలి.

ఈ షరతులు చెప్పినప్పుడు ఇంటివాళ్ళబ్బాయి నవ్వి, "ఇలాగైతే మీరు ఇల్లు కొన్నట్టే" అన్నాడు. బేరం అక్కడితో ఆగింది. నెల తిరక్కుండా ఆ ఇల్లు వేరొకరు కొన్నారు, భార్య పేరు మీదే రిజిస్టరు చేయించారు. నా ఒక్కదాని షరతులు ఆ ఇడ్లీలమ్మిని కాపాడలేకపోయాయి. ఒక మంచి కొనుగోలుదారు చెయ్యగలిగింది ఇంతే. అందుకే దీన్ని ఒకరి మంచితనానికి వదలకూడదంటున్నాను. అమ్మకపు దస్తావేజులో ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, వాళ్ళతో ఏం ఒప్పందం కుదిరిందో రాయకుండా రిజిస్ట్రేషన్ జరగకూడదని అడుగుదాం. సర్వే నంబరు రాస్తున్నాం, హద్దులు రాస్తున్నాం, చెట్లూ బావీ కూడా రాస్తున్నాం. మనుషుల్ని రాయడానికి కాగితం చాలదా?