పెరటి నుండి ప్రారంభిద్దాం

సంక్రాంతికైనా, రంజానుకైనా మన తగరపువలసలో ఇల్లు దులపడం ఆనవాయితీ. బూజు దులిపి, సున్నమో రంగో వేసి, ముందుగదిని అద్దంలా ఉంచుతాము. పిదప పడకగది, వంటగది. పెరటిలోని నీళ్ళ తొట్టి వంతు వచ్చేసరికి అమ్మ ఓపిక హరించుకుపోతుంది. కాని అతిథి కంటబడని చోటనే వ్యాధి పొంచి ఉంటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. డెంగీని మోసే దోమ మరొక జాతి. అది తొట్టి గోడలకు గ్రుడ్లను అంటిస్తుంది. నీరు పారబోసినా అవి నెలల తరబడి బ్రతికి ఉంటాయి. కనుక గోడలను రుద్ది తోమవలసిందే.

విద్యార్థి మిత్రులారా! ఈసారి పండుగ శుభ్రతను పెరటి నుండి ప్రారంభిద్దాం. ఆ తొట్టి తోమే పనిని అమ్మకు వదలక మనమే చేపడదాం.