పగలని అద్దాలు

మైలవరం నుంచి ఒక చిన్నారి ఇట్లా రాసింది: "మా వీధిలో ఒక పిన్నిగారు తనలో తాను మాట్లాడుకుంటారు. రాత్రిళ్లు నిద్రపోరు. దయ్యం పట్టిందని గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ఈ జబ్బుకు మందు లేదా?"

ఉన్నదమ్మా! ఇటువంటి జబ్బులకు మొదట మందులు ఎట్లా దొరికినవో వినండి, పిల్లలూ.

మన దేశంలో సర్పగంధ అనే చిన్న మొక్క ఉన్నది. దాని వేరును పూర్వం పాముకాటుకూ, మతి చెడినవారికీ ఇచ్చేవారు. అయితే పూర్వులు వాడినంత మాత్రాన సరిపోదు, పరీక్షించి చూడాలి. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఆ పని చేశారు. ఈ వేరు రక్తపు పోటును తగ్గిస్తుందనీ, రెచ్చిపోయే రోగులను శాంతపరుస్తుందనీ ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు వేరులోని అసలు మందును విడదీసి, రిసర్పిన్ అని పేరు పెట్టారు.

ఆ రోజులలో ఎందరో రోగులు తాళం వేసిన వార్డులలో ఏళ్ల తరబడి ఉండిపోయేవారు. అమెరికాలో రాక్‌లాండ్ ఆస్పత్రి డాక్టరు నేథన్ క్లైన్ వారికి రిసర్పిన్ ఇచ్చి, 1954లో ఫలితాలు ప్రకటించాడు. తమాషా ఏమిటంటే, అక్కడి మార్పును కనిపెట్టినవారిలో కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు ఒకడు! రోగులు అద్దాలు పగలగొట్టటం తగ్గి, అతనికి పని తగ్గిపోయింది.

1952లోనే ప్యారిస్‌లో డిలే, డెనికేర్ అనే వైద్యులు క్లోర్‌ప్రొమజిన్ అనే మందుతో ఇటువంటి రోగులకు మేలు చేశారు.

ఈ మందులకు దోషాలూ లేకపోలేదు. రిసర్పిన్‌తో కొందరికి రక్తపు పోటు మరీ పడిపోయింది, కొందరు దిగులుపడ్డారు. క్లోర్‌ప్రొమజిన్‌తో కొందరికి చేతులు వణికినవి. అందుచేత వైద్యులు ఇంకా మంచి మందులు వెతికారు. ఈనాడు ఈ జబ్బులకు రిసర్పిన్‌ను దాదాపు వాడరు. మందు ఏదైనా డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. సర్పగంధ వేరు దొరికిందని నమిలేరు సుమా!

మనసు జబ్బు దయ్యం కాదు, తప్పూ కాదు. జ్వరం వంటిదే అదీ ఒక జబ్బు. మానసిక రోగులను గొలుసులతో కట్టరాదని 2017లో మన దేశంలో చట్టం కూడా చేశారు.

చిన్నారీ, ఇది మీ నాన్నగారికి చదివి వినిపించు. విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యులున్నారు. 14416కు ఫోను చేసినా ఉచితంగా సలహా చెబుతారు. ఈలోగా నువ్వు కిటికీ దగ్గరకు వెళ్లి, "బాగున్నారా, పిన్నిగారూ?" అని పలకరించు. ఆ గొళ్లెం తీయించటానికి అదే మొదటి మెట్టు.