పంపును నిందించుటకు ముందు



ఈ మాసపు శీర్షికను జూచి కొందఱు నవ్వుదురని మాకు తెలియును. ఊరగాయల పాళ్లును, పట్టుచీరల మరకలును చర్చించు పుటలో డీజిలు బండి ప్రసంగమేల యని యడుగుదురు. కాని నేడు మన యిండ్లలో ననేకములు చక్రముల మీదనే బ్రదుకుచున్నవి. పాల డబ్బాలను మోయునదియు, కూరగాయలను సంతకు జేర్చునదియు, అరటి గెలలను మార్కెట్టున దింపునదియు నొక పాత పికప్ బండియే. అది కదలని నాడు పొయ్యిలో పిల్లి లేవదు. దాని మరమ్మతునకు తుదకు తాకట్టు పోవునవి మన గాజులే. కావున దాని రోగమును గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట గృహిణికి తగని పని యని మేము తలపము.

మా వారు బడిపంతులు. మా మఱది తోటల నుండి రావులపాలెపు మార్కెట్టునకు అరటి గెలలు తోలుటకై, చేయి మాఱిన పాత పికప్ నొకదానిని కొనెను. 2022వ సంవత్సరమున మార్గశిరపు చలిలో దానికి జబ్బు చేసెను. ఉదయమున నెన్ని మాఱులు సెల్ఫు కొట్టినను లేచెడిది కాదు. బ్యాటరీ నీరసించువఱకు దిప్పిన పిమ్మట తెల్లని పొగ గ్రక్కుచు లేచెడిది. కాలువ గట్టు ఎక్కునపుడు ఊపిరి యాడనట్లు కొట్టుకొనెడిది. ఒకనాడు నిండు గెలలతో జొన్నాడకు పోవు గౌతమీ వంతెన మీద నిలిచిపోయెను. బేరము వేళ దాటిపోయి, గెలలు సగము ధరకు పోయెను.

పట్టణములోని యొక వర్కుషాపువారు బానెట్టెత్తి చూచి, రెండు నిమిషములలో దీర్పు చెప్పిరి. “పంపు పోయింది. విప్పి చేయించాలి. ఇరవై అయిదు వేలవుతుంది.” మా మఱది యింటికి వచ్చి అరుగు మీద దల వంచుకొని కూర్చుండెను. “వదినా, పంపు పోయిందట” యని మాత్రము పలికెను. ఆ రాత్రి మేము పెట్టె తెఱచి నాలుగు గాజులను గుడ్డలో మూట గట్టితిమి. తెల్లవాఱిన బ్యాంకునకు బోవలయునని నిశ్చయము.

మా వీధి చివర, ఆర్టీసీ డిపోలో చిరకాలము డీజిలు బస్సులను బాగుచేసి విశ్రాంతి గొన్న పెద్దవారొకరు కలరు. మేము వారిని బాబాయిగారని పిలుతుము. మా అత్తగారు పోయి వారిని వెంటబెట్టుకొని వచ్చిరి. వారు బండి వంక చూడనే లేదు. అరుగు మీద గూర్చుండి, మజ్జిగ త్రాగి, మమ్ము నడిగిరి: “జబ్బు ఎప్పటినుంచమ్మా? దానికి ముందు బండికి ఏం పని చేయించారు?”

మా మఱదికి జ్ఞప్తి లేదు. మేము లోపలికి బోయి పద్దుపుస్తకమును దెచ్చితిమి. పుటలు వెనుకకు దిరుగవేయగా “డీజిలు ట్యాంకు దింపి కడిగించిన కూలి 600 రూపాయలు” అను పద్దు కనబడెను. దానికి ఆఱవనాడు బ్యాటరీ ఛార్జింగు ఖర్చు. మఱి రెండు దినములకు మరల నదియే. బాబాయిగారు నవ్విరి. “గాజులు లోపల పెట్టమ్మా. ఆరు రోజుల్లో అరిగేది కాదు పంపు. ట్యాంకు ముట్టుకున్నాక జబ్బొచ్చిందంటే, ట్యాంకు దగ్గర నుంచే వెతకాలి” అనిరి.

వారు వెదకిన విధమును చెప్పుటకు ముందు, ఆ పంపు చేయు పనిని గూర్చి కొంత తెలిసికొందము.

పెట్రోలు యంత్రమున నిప్పురవ్వ మంట పుట్టించును. డీజిలు యంత్రమున రవ్వ లేదు. సిలిండరులోని గాలిని సుమారు ఇరువదవ వంతునకు అదిమినపుడు ఆ గాలియే మిక్కిలి వేడెక్కును. అందు డీజిలును మంచువలె చిమ్మినంతనే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1893లో దీనికి పేటెంటు పొందెను. కాని తొలి యంత్రములలో డీజిలును చిమ్ముటకు పెద్ద గాలి కంప్రెసరు కావలసియుండెను. అవి ఫ్యాక్టరీలకును ఓడలకును దగినవే గాని చిన్న బండ్లకు గావు. రాబర్ట్ బాష్ సంస్థ 1922లో బూనిన ప్రయత్నము ఫలించి, 1927లో చిన్న ఇంజెక్షను పంపు విరివిగా తయారగుటతో లారీలకు దారి యేర్పడెను. మన దేశమున 1951లో బెంగుళూరున నెలకొన్న మైకో కంపెనీ, ఇట్టి పంపులను దయారుచేసి పేరొందెను. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అయ్యెను.

నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల యంత్రమున, ఈ పంపు నిమిషమునకు 4,000 మాఱులు డీజిలును గొలిచి నాజిళ్లకు బంపవలెను. ఒక్కొక్క కొలత సుమారొక బొట్టు. ఒత్తిడి మన చుట్టునున్న గాలి యొత్తిడికి నూఱు రెట్లకు మించును. అందుకై లోపలి కడ్డీకిని, అది యాడు గొట్టమునకును నడుమ సందు మిల్లీమీటరులో వేయవ భాగములు రెండు మూడు మాత్రమే. మన తలవెండ్రుక మందములో ఇరువదవ వంతునకు లోపు. ఇంత సూక్ష్మమైన పనిముట్టు తానై పాడగుట యరుదు. దానికి వచ్చు డీజిలులో గాలియో, నీరో, మట్టియో చేరినపుడు తన పని చేయలేక నింద మోయును.

ఇక బాబాయిగారి పరీక్ష. మొదట ట్యాంకు మూత విప్పి చెవి యొగ్గిరి. మూతకుండు గాలి రంధ్రము మూసికొనిపోయినచో, విప్పునపుడు ‘బుస్సు’ మను శబ్దము వచ్చును. అట్టి బండి కొంతదూరము పోయి ఆగును. మాదానికి శబ్దము రాలేదు. తరువాత ఫిల్టరు మీది గాలి తీయు మఱను వదులుచేసి, ఫీడు పంపు మీదనుండు చేతి ప్రైమరును నొక్కుచుండిరి. నురుగువలె బుడగలు వచ్చెను. గాలి పోయి డీజిలు మాత్రమే రావలసినంతసేపు నొక్కినను బుడగలు ఆగలేదు. “గాలి మిగిలి ఉండటం కాదు, ఎక్కడి నుంచో వస్తోంది” అనిరి.

పిమ్మట శుభ్రమైన క్యానులో ఐదు లీటర్ల డీజిలును బోయించి, బండికంటె ఎత్తున నొక బల్ల మీద బెట్టించి, ట్యాంకు గొట్టమును దీసివేసి, క్యాను నుండి క్రొత్త గొట్టమును నేరుగా ఫీడు పంపునకు దగిలించిరి. గాలి తీసి సెల్ఫు కొట్టగానే బండి లేచెను. అరగంటసేపు తడబాటు లేక నడచెను. ఈ యొక్క పరీక్షతో ఫీడు పంపు, ఫిల్టరు, ఇంజెక్షను పంపు, నాజిళ్లు అన్నియు నిర్దోషులని తేలెను. దోషము ట్యాంకునకును ఫీడు పంపునకును నడుమ నుండవలెను.

అచ్చటనే యుండెను. ట్యాంకును మరల బిగించినపుడు మెలిపడిన రబ్బరు గొట్టము, క్లిప్పు క్రింద సన్నగా చిట్లియుండెను. దాని నుండి యొక్క చుక్కయు గారలేదు. ఏలయన, ఆ భాగమున ఫీడు పంపు డీజిలును బీల్చుచుండును గాని నెట్టదు. చిట్లిన గొట్టముతో కొబ్బరినీరు పీల్చిచూడుడు. నీటికి బదులు గాలి వచ్చును, బయట మాత్రము తడి కనబడదు. రాత్రి బండి నిలిచియున్నపుడు ఆ చీలికలో గాలి చొరబడి డీజిలు ట్యాంకునకు జాఱిపోయెడిది. అందుకే ఉదయపు మొండితనము. నలుడు కాలు కడుగని యొక్క లోపముతో కలికి జోటిచ్చిన కథ మాకు స్ఫురించెను. గొట్టమునకు 180 రూపాయలు. పనికి బాబాయిగారు మఱియొక గ్లాసు మజ్జిగ పుచ్చుకొనిరి.

నాటి నుండి వారి వద్ద నేర్చుకొన్న వరుసను మేము పద్దుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొంటిమి. ట్యాంకు, మూత, గొట్టములు, ఫిల్టరు, తీగలు, నాజిళ్లు. పంపు అన్నిటికిని కడపట. చదునుబాటలో బాగుగ నడచి, ఎక్కుడున నీరసించునది తఱచు మూసికొనిపోయిన ఫిల్టరు. ఫిల్టరు అడుగున నీరు చేరునట్టి గిన్నె యున్నచో దాని మఱ విప్పి నీటిని వదలవలెను, వర్షకాలమున మఱింత శ్రద్ధగా. ఉదయపు చలిలో మాత్రమే మొండికెత్తి, తరువాత దినమెల్ల బాగుగ నడచునది హీటరు ప్లగ్గుల దోషము కావచ్చును. కొన్ని పంపులకు డీజిలును ఆపు చిన్న విద్యుత్ కవాటముండును. తాళము త్రిప్పినపుడు ‘టిక్కు’ మనవలెను. అనకున్నచో దాని తీగ ఊడినదేమో చూడవలెను. ఊడిన తీగకు పంపు మార్పించుకొనుట తలనొప్పికి తల మార్పించుకొనుట వంటిది.

పర్వతము మీద పొగను జూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. బండి విషయమున పొగ రంగును గూడ చూడవలెను. నల్లని పొగ డీజిలు ఎక్కువై గాలి తక్కువైనదనుటకు గుఱుతు: మొదట గాలి ఫిల్టరును, పిదప నాజిళ్లను జూడవలెను. బలము పెరుగునని పంపు సీలు తీసి మఱ త్రిప్పించుకొన్నవారి బండ్లును ఇట్లే నల్లగ గ్రక్కును. నీలపు పొగ ఇంజను ఆయిలు మండుటను దెలుపును. ఘాటైన వాసన గల తెల్లని పొగ డీజిలు మండకయే బయటికి వచ్చుటను దెలుపును. చలియో, గాలి చేరుటయో, పంపు టైమింగు తప్పుటయో కారణము కావచ్చును.

ఇక హెచ్చరికలు. పంపు నుండి నాజిళ్లకు బోవు సన్నని ఉక్కు గొట్టముల యొద్ద, ఇంజను తిరుగుచుండగా చేయి పెట్టనీయవలదు. ఆ ధార చర్మమును జీల్చి లోనికి బోవును. గాయము సూదిపోటంత కనబడినను, నొప్పి లేకున్నను, తత్క్షణమే ఆసుపత్రికి బోయి డీజిలు లోనికెక్కినదని చెప్పవలెను. ఆలస్యమైన వ్రేళ్లు పోవుటయు గలదు. ఆ గొట్టముల పని మెకానిక్కుదే. కామన్ రైలు అను క్రొత్త పద్ధతి బండ్లలో ఒత్తిడి మఱియు ననేక రెట్లు. ఇచ్చట వ్రాసిన పరీక్షలు వానికి వర్తింపవు.

ధర కలిసివచ్చునని డీజిలులో కిరసనాయిలు కలుపుట మహాపరాధము. పంపు లోపలి కడ్డీలకు డీజిలే నూనె. కిరసనాయిలు పలుచన, ఆ జిడ్డు లేక లోహము లోహమును దినును. పొరపాటున పెట్రోలు పోసినచో ఇంజను తిప్పక, ట్యాంకును ఖాళీ చేయింపవలెను. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట వచ్చిన బి.ఎస్. 6 డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లలో పదికి మించదు. గంధకము దీయునపుడు సహజమైన జిడ్డు తగ్గును గాన, దాని స్థానమున వేఱు ద్రవ్యమును కలుపుదురు. కావున నమ్మకమైన బంకున కొనుటయే పాత పంపునకు బథ్యము.

పంపు ఎన్నడును చెడదని మాత్రము మేము చెప్పము. 2024 వేసవిలో మా బండికి మఱియొక రోగము వచ్చెను. ఉదయమున చక్కగా లేచును. వేడెక్కిన పిమ్మట ఆపినచో మరల లేవదు. గొట్టములు, ఫిల్టరు, క్యాను పరీక్ష, అన్నియు వరుసగా చూచితిమి, దోషము కానరాలేదు. బాబాయిగారు ఆపియున్న బండి పంపు మీద తడిగుడ్డను గొంతసేపు కప్పించిరి. అది చల్లబడగానే బండి లేచెను. “ఇప్పుడు పంపేనమ్మా. అరిగిన సందులోంచి వేడి డీజిలు పలచబడి జారిపోతోంది” అనిరి.

ఈ మాఱు గాజులు బ్యాంకునకు బోయెను. ఐనను మేము భయముతో బోలేదు. పంపును దింపుటకు ముందు టైమింగు గుఱుతులు పెట్టించితిమి. విప్పకముందు పరీక్ష బల్ల మీద కొలత చూపుమని మా మఱది యడిగెను. నాజిళ్లను గూడ పరీక్షింపించెను. మార్చిన పాత సామానును ఇంటికి దెచ్చెను. ఆ అరిగిన కడ్డీ నేటికిని మా పద్దుపుస్తకము మీద కాగితము లెగురకుండ బరువుగా నున్నది. పదునొకండు నెలలకు గాజులు విడిపించుకొంటిమి.

రెండు మాఱులును గాజులే. మొదటిమాఱు ఎవరో చెప్పినందున ఇయ్యబోతిమి. రెండవమాఱు తెలిసికొని యిచ్చితిమి. సోదరీమణులు తమ యింటి బండికి పద్దుపుస్తకమున రెండు పుటలు విడిచి, ఏనాడు ఏ పని చేయించిరో, ఫిల్టరు ఎప్పుడు మార్చిరో వ్రాసియుంచిన చాలును. మీ బండ్ల ముచ్చటలను గూడ మాకు వ్రాసి పంపుదురని యాశించుచున్నాము.