లేజర్ కన్ను సంగతి సరే, మన టిప్పర్ల సంగతేంటి?



వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. డ్రైవర్ లేని కారు, దాని నెత్తిన గిర్రున తిరిగే లైడార్. "ఇది వస్తే ఇక యాక్సిడెంట్లే ఉండవు" అని కింద కామెంట్లు. మేం ఒప్పుకోం. ఎందుకో చెప్తాం.

లైడార్ గొప్పదే. లేజర్ కాంతిని వదిలి, అది ఎదుటి వస్తువును తాకి తిరిగొచ్చిన టైమును బట్టి దూరం లెక్కేస్తుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 200 మీటర్ల దూరంలో ఉన్న లారీని తాకి రావడానికి సెకనులో పది లక్షల వంతు కన్నా కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. చిమ్మచీకటైనా దానికి లెక్కలేదు. ఐఐటీ హైదరాబాద్‌లోని టీహాన్ కేంద్రంలో ఇలాంటి బండ్ల కోసం 2022 జూలైలో టెస్ట్ ట్రాకే మొదలుపెట్టారు. మనకూ గర్వమే.

కానీ మన సండూరు, హొసపేట రోడ్ల మీద ఖనిజం లారీల వెనక లేచే ఎర్రదుమ్ము సంగతి? లేజర్ ఆ దుమ్ము కణాలకే తగిలి మధ్యలోనే వెనక్కొస్తుంది. దుమ్మే గోడలా కనిపించొచ్చు. దాని వెనకున్న బండి అసలు కనిపించకపోవచ్చు. అందుకే చాలా కంపెనీలు లైడార్‌కు తోడు రాడార్, కెమెరా కూడా పెడతాయి. ఇలాంటి బండ్లను నున్నటి ట్రాక్ మీద నడిపితే చాలదు, మన దుమ్ములో కూడా నడిపి చూడాలి. ఈ మాట మనం గట్టిగా అడగాలి.

అడిగే ముందు మన ముఖం అద్దంలో చూసుకుందాం. టిప్పర్లు, ట్రాక్టర్లు ఉన్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. ఎన్ని టిప్పర్ల మీద టార్పాలిన్ సరిగ్గా కప్పుతున్నాం? ఎన్ని ట్రాలీల వెనక రిఫ్లెక్టర్ టేపు ఉంది? ఆ టేపు చేసే పనేంటి? పడ్డ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపడం. ఈ రోజు బైకు మీద వచ్చే కుర్రాడి హెడ్‌లైటుకైనా, రేపు వచ్చే లేజర్‌కైనా అదే కనిపిస్తుంది. లైట్లు లేని ట్రాలీని రోడ్డు పక్కన చీకట్లో వదిలేసి, కోట్ల రూపాయల యంత్రం వచ్చి మన పిల్లల్ని కాపాడుతుందనుకోవడం ఏం న్యాయం? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

వచ్చే మీటింగుకు వీడియోలొద్దు. టేపు అంటించి, టార్పాలిన్ కప్పిన మీ బండి ఫొటో పట్టుకురండి. ముందు మా బండ్ల ఫొటోలే పెడతాం.