పెంపుడు కప్పను ఎండబెట్టి నిద్రపుచ్చకండి

కప్పలు పెంచేవాళ్ల మధ్య ఒక సలహా ఏళ్ల తరబడి తిరుగుతోంది. "ఏడాదికి రెండు మూడు నెలలు కప్పను నిద్రపోనివ్వాలి. తొట్టిలో నీళ్లు తీసేయండి, మట్టి ఆరనివ్వండి, వేడి తగ్గించండి. అది మట్టిలోకి దిగిపోతుంది. మళ్లీ తడిపేదాకా కదిలించకండి. అడవిలో జరిగేది అదే కదా!" దీని వెనకే ఇంకో మాట వస్తుంది: "కప్ప వారాలుగా బయటికి రావడం లేదా? తినడం లేదా? కంగారు పడకండి, నిద్రలో ఉంది." మొదటి సలహా ఆరోగ్యంగా ఉన్న కప్పను ప్రమాదంలోకి నెడుతుంది. రెండోది జబ్బుపడిన కప్పకు వైద్యం అందకుండా చేస్తుంది. రెండింటినీ ఖండించక తప్పదు.

ఈ మాటలు మనవాళ్లకు తేలిగ్గా నమ్మబుద్ధి కావడానికి కారణముంది. తొలకరి పడిన రాత్రే ఊరి చుట్టూ కప్పలు బెకబెకమనడం పల్లెలో పెరిగిన ప్రతివాళ్లూ విన్నదే. మొన్నటిదాకా నెర్రెలు విచ్చిన నేల అది. పొట్ట ఉబ్బించుకునే యూపెరోడాన్ కప్పలు, వెనక కాళ్ల కింద ఉండే గట్టి బుడిపెలతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగే స్ఫీరోథీకా కప్పలు మన నేలలో ఎండాకాలాన్ని మట్టి లోపలే గడుపుతాయి. న్యూజెర్సీలో మనవడు పెంచుకునే కప్ప మట్టిలో దూరిందని ఫోన్లో విన్న తాతయ్య "వానొస్తే లేస్తుందిలేరా" అంటే, ఆయన జీవితమంతా చూసినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే ఆయన చూసింది వేరే కప్పను, వేరే నేలను. గాజు తొట్టిలో ఎండాకాలం ఉండదు, మనం తెచ్చిపెడితే తప్ప.

ఇంతకీ ఆ తొట్టిలో ఉన్నది ఎవరు? ఎక్కువగా పెంచేది పాక్‌మ్యాన్ కప్ప అని దుకాణాల్లో అమ్మే దక్షిణ అమెరికా కొమ్ముకప్ప, సెరటాఫ్రిస్. అందులోనూ క్రాన్‌వెల్ జాతి ఎక్కువ. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియాల మీదుగా పరుచుకున్న గ్రాన్ చాకో మైదానం దాని పుట్టిల్లు. వేటాడేటప్పుడు ఇది ఎరను వెంటాడదు. మెత్తని మట్టిలో, రాలిన ఆకుల్లో ఒళ్లంతా పూడ్చుకుని కళ్లు, నోటి అంచు మాత్రం పైకి ఉంచి, ఎర దగ్గరికి వచ్చేదాకా గంటలకొద్దీ, రోజులకొద్దీ కదలకుండా కూర్చుంటుంది. దీని పిల్లకప్పలు వెనక కాలి వేళ్లు ఆడించి ఎరను దగ్గరికి రప్పించుకోవడాన్ని కూడా శాస్త్రవేత్తలు గమనించారు. కాబట్టి మట్టిలో దూరి ఉండడం ఈ జంతువుకు పని వేళ. పూర్తి మెలకువలో, ఆకలితో, వేటకు సిద్ధంగా ఉన్న కప్పను చూసి "సుప్తావస్థలోకి వెళ్లింది" అని తిండి పెట్టడం మానేసేవాళ్లున్నారు. ఆ కప్ప ముందు ఒక వానపామును ఆడించి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోయే విషయమిది.

నిజమైన సుప్తావస్థ ఎలా ఉంటుందో తెలిస్తే ఈ పొరపాటు జరగదు. చాకోలోనే ఉండే మరో కప్ప లెపిడోబాట్రాకస్ సంగతి చూడండి. నీటిగుంట ఇంకిపోతుంటే అది బురదలోకి దిగుతుంది. మామూలు రోజుల్లో కప్ప తన పాత చర్మాన్ని విడిచి తానే తినేస్తుంది. ఇక్కడ మాత్రం విడిచిన పొరను ఒంటి మీదే ఉంచుకుంటుంది. పొర మీద పొర చేరి, ముక్కు రంధ్రాలు తప్ప ఒళ్లంతా కప్పేసే కాగితం లాంటి గూడు తయారవుతుంది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఆపేది అదే. ఆఫ్రికా బుల్‌ఫ్రాగ్ కూడా ఇదే పని చేస్తుంది, కొమ్ముకప్పా చేస్తుంది. ఆస్ట్రేలియాలో సైక్లోరానా జాతి కప్పలు దిగేముందు మూత్రాశయం నిండా పలుచని నీటిని దాచుకుంటాయి. అక్కడి ఆదివాసులు కరువులో ఆ కప్పలను తవ్వి తీసి ఆ నీళ్లు తాగేవారు. సోనోరా ఎడారిలోని కౌచ్ స్పేడ్‌ఫుట్ కప్ప గూడు కట్టదు. ఒంట్లో యూరియాను పోగుచేసుకుని, ఆరిపోతున్న మట్టి నుంచి కూడా నీటిని లాక్కుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు భూమిలోనే ఉండి, వాన మోత పుట్టించే ప్రకంపనలకు పైకి వస్తుందని పరిశోధకులు డిమిట్, రుయిబాల్ 1980లో రాశారు.

ఇదంతా హాయి అనుకుంటే పొరపాటు. సైక్లోరానా మీద చేసిన కొలతల్లో, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే ప్రాణవాయువులో దాదాపు ఐదో వంతుకు శరీరం దిగిపోయింది. పేగు లోపలి గోడ కుంచించుకుపోయింది. మూత్రం పోయే దారి లేక యూరియా లోపలే పేరుకుంటుంది. ముందే చేర్చుకున్న కొవ్వే తిండి. నీళ్లు లేవు, పురుగు లేదు, బయటికొస్తే చావు. ఆ చావు నుంచి తప్పించుకోవడానికి కోట్ల ఏళ్లలో కుదిరిన ఉపాయం ఇది. కరువులో ఉపవాసమున్న రైతును చూసి ఉపవాసం ఆయన ఆరోగ్యానికి అవసరమనుకోవడం ఎంత న్యాయమో, ఈ కప్పకు ఏటా సుప్తావస్థ అవసరమనడం అంతే న్యాయం.

"ప్రకృతి సహజం" అన్న వాదన ఇక్కడే కూలిపోతుంది. ప్రకృతిలో కప్పను పాము మింగడం సహజం, గుంట ఎండి తోకకప్పలన్నీ చావడం సహజం. వాటిని తొట్టిలోకి తెచ్చుకోవాలని ఎవరూ అనరు. కప్ప మట్టిలోకి దిగడానికి కారణం క్యాలెండర్ కాదు, ఎండిన నేల, చల్లబడిన గాలి. ఆ రెండూ లేనప్పుడు, అంటే మట్టి తడిగా, వేడి 25 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు, కొమ్ముకప్ప ఏడాది పొడవునా తింటుంది. అలా పెరిగినవి పదేళ్లు దాటి బతకడం పెంపకందారులకు బాగా తెలిసిన సంగతే. ఒక్కసారి కూడా నిద్రపుచ్చని కప్ప పదేళ్లకు పైగా ఆరోగ్యంగా బతుకుతుంటే, "నిద్ర లేకపోతే ఆయుష్షు తగ్గుతుంది" అన్న మాటకు ఆధారమేది?

మొండిగా వినిపించే ఇంకో సలహా చలి గురించి. అలాస్కా చెట్ల మధ్య ఉండే వుడ్ ఫ్రాగ్ మంచుగడ్డలా గడ్డకట్టి, వసంతంలో లేచి గెంతుతుందని అందరూ వీడియోల్లో చూశారు. అది నిజమే. దాని కాలేయం గ్లూకోజును ఒళ్లంతా నింపి కణాలను కాపాడుతుంది. ఆ శక్తి ఆ జాతిది. చాకో నుంచి వచ్చిన కొమ్ముకప్పకుగానీ, ఆస్ట్రేలియా, న్యూగినీల నుంచి వచ్చిన వైట్స్ చెట్టుకప్పకుగానీ అది లేదు. అయినా "ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి" అనేవాళ్లున్నారు. చల్లబడ్డ కప్పకు అరుగుదల ఆగిపోతుంది. కడుపులో ఎలుకపిల్లో, పురుగుల ముద్దో ఉంటే అది అక్కడే కుళ్లుతుంది. రోగనిరోధక శక్తి కూడా చలికి మందగిస్తుంది, సూక్ష్మజీవులు మాత్రం అంత మందగించవు. ప్రపంచమంతటా కప్ప జాతులను తుడిచిపెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల మధ్యే బాగా పెరుగుతుంది. కప్పను వారాల తరబడి 18 డిగ్రీల్లో ఉంచేవాడు ఆ శిలీంధ్రానికి కావలసినదే సమకూరుస్తున్నాడు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది "నిద్రలో ఉంది" అని భరోసా ఇవ్వడం. తినని కప్ప వెనక ఎన్నో కారణాలుంటాయి. తొట్టిలో పరిచిన గులకరాళ్లనో, కొబ్బరి పొట్టునో ఎరతోపాటు మింగితే పేగు అడ్డుపడుతుంది. కాల్షియం, డి విటమిన్ చాలకపోతే దవడ మెత్తబడి నోరు మూయలేదు. ఎ విటమిన్ లోపిస్తే నాలుక ఎరను పట్టుకోలేదు, చూసేవాళ్లకు అది ఆకలి లేనట్టే కనిపిస్తుంది. తొడల లోపలి చర్మం ఎర్రబడితే రక్తంలోకి బ్యాక్టీరియా పాకి ఉండవచ్చు. ఈ కప్పలన్నీ చేసే పని ఒకటే, మట్టిలో ఒక మూలకు చేరి కదలకుండా ఉండడం. పైనుంచి చూస్తే నిద్రే. వారం ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే బతికే జంతువు, ఈ భరోసా వల్ల నెల తర్వాత మట్టిలో దొరుకుతుంది.

తేడా తెలుసుకోవడానికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. సుప్తావస్థలో ఉన్న కప్ప ఒళ్లు ఖర్చు తగ్గించుకుని ఉంటుంది కనుక దాని బరువు చాలా మెల్లగా తగ్గుతుంది. జబ్బుపడినది చూస్తుండగానే తగ్గుతుంది, నడుము ఎముకలు తేలతాయి. "కదిలించకండి" అన్న సలహా ఈ ఒక్క సాధనాన్నీ మన చేతిలోంచి లాగేస్తోంది. పది రోజులకోసారి మెల్లగా తీసి తూచితే కప్పకు కలిగే ఇబ్బంది, తూచకపోతే జరిగేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

పెంపకందారుల్లో ఒక వర్గాన్ని ఇందులోంచి మినహాయిస్తాను. గుడ్లు పెట్టించాలనుకునేవాళ్లు ఎదిగిన, బలిసిన జంటను కొన్ని వారాలు పొడిగా ఉంచి, తర్వాత కృత్రిమ వాన కురిపిస్తారు. కప్పల జతకట్టే కాలాన్ని వాన నిర్ణయిస్తుంది కాబట్టి అందులో అర్థముంది. వాళ్లు ముందు కడుపు ఖాళీ చేయిస్తారు, బరువు రాసుకుంటారు, గడువు పెట్టుకుంటారు. ఆ పద్ధతిని ఇంట్లో ఒంటరిగా ఉన్న ఒక్క కప్పకు, అందులోనూ ఏడాది నిండని పిల్లకప్పకు అంటగట్టడమే తప్పు. పిల్లకప్పకు దాచుకున్న కొవ్వే ఉండదు.

కప్ప ఇప్పటికే ఎండిన మట్టిలో పొర కట్టుకుని దొరికితే గోటితో ఆ పొరను లాగొద్దు. క్లోరిన్ పోగొట్టిన గోరువెచ్చని నీళ్లు దాని గడ్డం దాటనంత లోతుగా పోసి అందులో కూర్చోబెట్టండి. పొర నానుతుంది, కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది, పేరుకున్న యూరియాను వదిలించుకుంటుంది. ఆ రోజే పెద్ద ఎర వేయకండి, కుంచించుకుపోయిన పేగు దాన్ని అరిగించలేదు. రెండు మూడు రోజులాగి ఒక చిన్న వానపాముతో మొదలుపెట్టండి. తర్వాత మట్టి ఎందుకు ఎండిందో చూడండి. తొట్టి కింద హీట్ మ్యాట్ అంటించి ఉంటే చాలాసార్లు కారణం అదే. వేడిని తప్పించుకోవడానికి కప్ప కిందికి తవ్వుతుంది, ఆ వేడి అక్కడే ఎక్కువ. మ్యాట్‌ను పక్క గోడకు మార్చి థర్మోస్టాట్ పెట్టండి.

సలహాలిచ్చేవాళ్లను అడిగేది ఇదీ: మా కప్ప తినడం లేదని ఎవరైనా వస్తే, నిద్ర మాట ఎత్తేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. బరువెంత, పోయిన నెల ఎంత? మట్టిని పిడికిట్లో పిసికితే ముద్దవుతోందా? కప్ప కూర్చున్న చోట, ఆ లోతున, వేడి ఎంత? ఆఖరిసారి విరేచనం ఎప్పుడైంది? వీటిలో ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా, చెప్పాల్సింది కప్పల జబ్బులు తెలిసిన పశువైద్యుడి దగ్గరికి ఆ రోజే వెళ్లమని.